పేగుల సంచి ఫ్రిజ్‌లో పెట్టి మరచిపోకు

అమ్మాయీ, ఆశీస్సులు.

చేప తలలు, పేగులు, తోలు, ముళ్లలో ఒమేగా-3 ఎంతుందో కొలవబోతున్నావని తెలిసి సంతోషించాను. కొవ్వు ఆమ్లాలను ఆవిరిగా మార్చి వేరు చేసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ గురించి చాలా అడిగావు. అది నెల రోజుల్లో చేతికి వస్తుంది. నాకు బెంగంతా అంతకుముందు జరిగే పని గురించే.

చేపల్లోని ముఖ్యమైన ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు ఈపీఏ, డీహెచ్‌ఏ. ఈపీఏలో ఐదు, డీహెచ్‌ఏలో ఆరు ద్విబంధాలుంటాయి. గాలి, వెలుతురు, వేడి తగిలితే ముందు చెడేవి అవే. అందుకే చేప కోయగానే భాగాలు వేరు చేసి మంచులో పెట్టు, అదే రోజు మైనస్ 80 డిగ్రీలకు చేర్చు. పేగుల విషయంలో మరీ తొందరపడాలి. వాటిలోని లైపేజులనే ఎంజైములు కొవ్వును విడగొట్టి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలను వదులుతాయి. ఒకసారి నేను పేగుల సంచిని రెండు రోజులు మామూలు ఫ్రిజ్‌లో ఉంచాను. తర్వాత నూనె తీసి, గ్యాస్ క్రొమటోగ్రఫీలో తేలిగ్గా ఆవిరయ్యేలా కొవ్వు ఆమ్లాలను క్షారంతో మిథైల్ ఎస్టర్లుగా చేశాను. ఒమేగా-3 చాలా తక్కువ కనిపించింది, అలాగే రాసిచ్చాను. క్షారం స్వేచ్ఛా ఆమ్లాలను ఎస్టర్లుగా మార్చదని, సబ్బుగా మిగులుస్తుందని అప్పుడు నాకు తట్టలేదు. అదే నూనెను, స్వేచ్ఛా ఆమ్లాలనూ ఎస్టర్లుగా మార్చే బోరాన్ ట్రైఫ్లోరైడ్ కలిపిన మిథనాల్‌తో మళ్లీ చేస్తే అంకె బాగా పెరిగింది. రాసిచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకోవడం ఇప్పటికీ బాధగానే గుర్తుంది.

నూనె తీయడానికి 1957 నాటి ఫోల్చ్ పద్ధతే వాడు: క్లోరోఫాం రెండు పాళ్లు, మిథనాల్ ఒక పాలు. నూనె తీసే మరో పద్ధతి బ్లై-డయర్‌కి ద్రావణి తక్కువ పడుతుంది కానీ, కొవ్వెక్కువ ఉన్న తలలు, కాలేయాల్లో కొంత నూనె వెనక ఉండిపోతుంది. రెండు పొరలు విడిపోయాక మధ్యలో తెల్లటి ప్రొటీన్ మీగడ తేలుతుంది. దాన్ని కదపకుండా, నూనె కరిగి ఉన్న క్లోరోఫాం అడుగు పొరను మాత్రం తీసుకో. ప్లాస్టిక్ గొట్టాలు వద్దు, వాటిలోని పదార్థాలు క్లోరోఫాంలో కరిగి గ్యాస్ క్రొమటోగ్రఫీ గీసే నీ పటంలో దొంగ శిఖరాలుగా వస్తాయి. ఆవిర్లను బయటికి లాగేసే పొగగూడు (ఫ్యూమ్ హుడ్) బయట సీసా మూత తీయకు. ద్రావణిని నత్రజని కింద ఆవిరి చేయి.

ఫలితాన్ని శాతాల్లో చెప్పి ఊరుకోవద్దు. ముళ్లలో కొవ్వు 1 శాతం, అందులో డీహెచ్‌ఏ 20 శాతం అనుకో. తలలో కొవ్వు 10 శాతం, అందులో డీహెచ్‌ఏ 10 శాతమే అనుకో. శాతం చూస్తే ముళ్లే గొప్ప. 100 గ్రాములకు లెక్కిస్తే ముళ్లలో 0.2 గ్రాము, తలలో 1 గ్రాము. నూనె తీసే వారికి కావలసింది ఈ రెండో లెక్కే. అది సరిగా రావాలంటే పోల్చి లెక్కించడానికి కొలతగా 23 కార్బన్ల కొవ్వు ఆమ్లాన్ని తూచి, నూనె తీయడానికి ముందే నమూనాలో కలుపు.

నూనె ఎంత చెడిందో తెలియడానికి, చెడడం మొదలైనప్పుడు పెరిగే పెరాక్సైడ్ విలువతో పాటు, ఆ తర్వాతి దశను చూపే అనిసిడీన్ విలువ కూడా చూడు. నూనె బాగా చెడిపోయాక పెరాక్సైడ్ మళ్లీ తగ్గి, మంచి నూనెలా కనిపిస్తుంది.

మొదట తలల నమూనా ఒక్కటే మూడుసార్లు చేయి. మూడు అంకెలూ దగ్గరగా వస్తేనే పేగుల సంచి విప్పు.