డిజైన్ ఆఫీసా, సైటా?

ప్రశ్న: ఈ ఏడాదే మెకానికల్ బీటెక్ అయింది. చెన్నైలో సెంట్రల్ ఏసీ డిజైన్ చేసే కన్సల్టెన్సీలో ఒకటి, కృష్ణపట్నం దగ్గర సైట్లో ఏసీ కాంట్రాక్టరు దగ్గర ఒకటి, రెండు ఉద్యోగాలు వచ్చాయి. దేంట్లో చేరమంటారు?
– ఓ పాఠకుడు, కావలి

జవాబు: మా ఓటు సైటుకే, అదీ రెండేళ్లకే. కన్సల్టెన్సీలో హీట్ లోడ్ (ఏసీ తీసేయాల్సిన వేడి) లెక్కలు, స్పెసిఫికేషన్లు, టెండరు డ్రాయింగులు ఉంటాయి. ఏసీ టన్నుకు గంటకు 12,000 బీటీయూల వేడి, గాలి సుమారు 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) అని లెక్కేసి, ఆ గాలి పోయే డక్టు సైజు తేలుస్తారు. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. తీరా సైట్లో ఆ డక్టుకి బీము అడ్డొస్తుంది, ఫాల్స్ సీలింగ్ దించడానికి ఆర్కిటెక్టు ససేమిరా అంటాడు. డక్టు ఎత్తు తగ్గించి, వెడల్పు పెంచి షాప్ డ్రాయింగ్ (సైట్లో బిగించేందుకు వాడే డ్రాయింగ్) గీయాల్సింది కాంట్రాక్టరు ఇంజినీరే.

ఏసీకి చల్లటి నీళ్లు తెచ్చే చిల్డ్ వాటర్ పైపే చూడండి. అందులో నీళ్లు 7 డిగ్రీల దగ్గర పోతుంటాయి. మన తీరం ఉక్క సంగతి మీకు చెప్పాలా! సపోర్టు దగ్గర ఇన్సులేషన్ అంగుళం తెగినా గాలిలో తేమ అక్కడే నీరై కారుతుంది, సీలింగ్ మీద మరక తేలుతుంది. ఏసీలో చేరిన నీరు బయటికి పోయే డ్రెయిన్ పైపుకి మీటరుకు 10 మిల్లీమీటర్ల వాలు పెట్టకపోయినా అదే గతి. డ్రాయింగ్‌లో ఇవన్నీ ఒక్క గీతే.

చేరేముందు ఒకటి అడగండి: షాప్ డ్రాయింగులు, కొలతలు, బిల్లులు, టెస్టింగ్ మీ చేతికిస్తారా? కూలీల హాజరు రాయడమే పనైతే వద్దు. అప్పుడు చెన్నై బస్సెక్కండి, కానీ మీ లెక్కలు దిద్దే సీనియరు అక్కడ ఉన్నాడో లేదో ముందే కనుక్కోండి.