పలకల సంగతి తర్వాత, ముందు గుంజలు చూడు

అల్లుడూ, నువ్వు పంపిన మీ ఫెన్స్ ఫొటోలు రాత్రి నేనూ మీ అత్తయ్యా రెండుసార్లు చూశాం. పలకలు ఊడిపోయాయని కంగారు పడుతున్నావు గానీ అదొక పూట పని. నాకు దిగులు పుట్టించింది ఆ గేటు పక్క గుంజ, రెండంగుళాలు పైకి లేచి కింద కాంక్రీట్ అంచు బయటపడింది, అందుకే నీ గేటు గడియ పడట్లేదు.

అది గాలి పని కాదురా, నేలలో నీళ్లు గడ్డకట్టి ఉబ్బినప్పుడు గుంజని పట్టుకుని పైకి లాగుతాయి, మంచు కరిగాక మట్టి దిగుతుంది కానీ గుంజ పాత చోటికి దిగదు, ప్రతి చలికాలం ఇంకాస్త లేస్తుంది. మన మిషిగన్‌లో 42 అంగుళాల లోతు దాకా గడ్డకడుతుందని లెక్క. నా మొదటి ఇంటికి ఒకాయన చేత ఫెన్స్ వేయిస్తే రెండో చలికాలానికే ఒరిగింది, తవ్వి చూస్తే గొయ్యి రెండడుగులే, 8 అడుగుల గుంజ తెచ్చి ఆరడుగులు పైన ఉంచి మిగతాది పాతేశాడు, అప్పుడు దగ్గరుండి కొలవలేదని ఇప్పటికీ బాధే. ఆరడుగులు పైన, 42 అంగుళాలంటే మూడున్నర అడుగులు కింద, అంటే 10 అడుగుల గుంజ తెచ్చి కోసుకోవాల్సిందే. నీకు కోట్ ఇచ్చినాయన్ని కూడా ధరకంటే ముందు గుంజ పొడవు అడుగు.

మిగతా గుంజలన్నిటికీ నేల అంచు దగ్గర మట్టి కొంచెం గోకి స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడువు. గట్టిగా ఆగితే మంచిది, తడి బ్రెడ్డులో దిగినట్టు దిగిందా చివికిపోయిందన్నమాట, పైనుంచి ఎంత బాగున్నా దాన్ని మార్చేయ్. పైన బాగుండి కింద పోయిన గుంజలే ఎక్కువ.

ఇప్పుడే మాత్రం తవ్వకు, ఏప్రిల్ సగం దాటనీ, అప్పటిదాకా ఒరిగిన చోట ఏటవాలుగా ఒక కర్ర ఊతమివ్వు చాలు. తవ్వే ముందు 811కి, అదే నేలలో పైపులూ తీగలూ ఎక్కడున్నాయో చూపించే వాళ్ల నంబరుకి, ఫోన్ చెయ్యి, ఫ్రీనే, మూడు పనిదినాల ముందే చెప్పాలి, వాళ్లొచ్చి గ్యాస్‌కి పసుపు, కరెంటుకి ఎరుపు రంగుతో గుర్తులు పెట్టి వెళ్తారు. ఇది మాత్రం ఎగ్గొట్టకు నాన్నా, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. పక్కింటివాళ్లకి కూడా ఓ మాట చెప్పు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్లవాళ్ల సంఘం) ఉంటే వాళ్లకీ.

గొయ్యి కింద వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి, పైన కాంక్రీట్ పుట్టగొడుగులా విప్పారిందంటే మంచుకి పట్టు దొరికి మళ్లీ లేపేస్తుంది. అడుగున ఆరంగుళాలు కంకర వెయ్యి, పైన కాంక్రీట్‌ని నీళ్లు జారేలా గుంజ నుంచి బయటికి వాలుగా తాపీతో లాగు. రసమట్టం రెండు వైపులా పెట్టి చూసుకో, ఒక్క వైపే చూస్తే మోసపోతావు. కాంక్రీట్ బాగా గట్టిపడేదాకా, అంటే రెండ్రోజులైనా పలకలు కొట్టకు, మేకులొద్దు, తుప్పు పట్టకుండా జింక్ పూత ఉన్న గాల్వనైజ్డ్ స్క్రూలు వాడు.

మే చివర్లో వచ్చే మెమోరియల్ డే సెలవుకి అత్తయ్య నీకు గోంగూర నారు, బీర నారు ఇస్తానంది, ఆలోపు ఫెన్స్ నిలబడకపోతే జింకలు ఒక్క రాత్రిలో మేసేస్తాయి. గొయ్యి తవ్వే పార నా గ్యారేజీలో ఉంది, శనివారం వచ్చి పట్టుకెళ్లు, మొదటి గుంజ నాటే రోజు నేనూ వస్తా.