కోవిడ్ తర్వాత కమ్యూనిటీ కాలేజీల్లో ఏం మారింది, చేరేముందు ఏం అడగాలి

ప్రశ్న: హెచ్4 డిపెండెంట్ వీసా మీద అమెరికాలో ఉన్నాను, ఈఏడీ అనే పని అనుమతి కార్డు వచ్చింది. మనదేశంలో బీఎస్సీ చేశాను. కోవిడ్ తర్వాత ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలు (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలు) ఉద్యోగాలకు తగ్గట్టు కోర్సులు మార్చేశాయని, మూణ్ణాలుగు నెలల్లో పని దొరుకుతుందని అంటున్నారు. ఎంతవరకు నిజం? ఏం చూసుకుని చేరాలి?

జవాబు:

మార్చిన మాట నిజమే. అయితే క్లాసు మార్చడం కాలేజీ చేతిలో పని. ఆసుపత్రిలోనో ఫ్యాక్టరీలోనో చేత్తో పని నేర్చుకునే చోటు మాత్రం కాలేజీది కాదు. కోర్సు పనికొస్తుందా లేదా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది. ప్రకటన కాగితంలో ఆ సంగతి ఒక్క ముక్క ఉండదు.

ముందు ఏం జరిగిందో చెప్తాను. ఉద్యోగాలు పోయినప్పుడల్లా జనం ఈ కాలేజీల్లో చేరడం రివాజు. 2008 మాంద్యం తర్వాత అలాగే నిండాయి. 2020 ఫాల్ సెమిస్టర్‌లో మాత్రం రెండేళ్ల ప్రభుత్వ కాలేజీల్లో విద్యార్థులు సుమారు 10 శాతం తగ్గారు. వెల్డింగ్, నర్సింగ్ లాంటివి జూమ్‌లో నేర్పేవి కావు. పిల్లల బడులు మూతపడటంతో తల్లులు ఇంటి నుంచి కదల్లేకపోయారు. ఆ దెబ్బతో కాలేజీలు 16 వారాల సెమిస్టర్‌ను రెండు 8 వారాల ముక్కలు చేయడం, థియరీ ఆన్‌లైన్‌లో పెట్టి ల్యాబు సాయంత్రాలకో శనివారాలకో మార్చడం ఎక్కువ చేశాయి. 8 వారాల కోర్సులో ఒక వారం పోతే ఎనిమిదో వంతు పోయినట్టే. పిల్లలకు జ్వరం వచ్చిందంటే అందుకోవడం కష్టం. కాబట్టి మొదటిసారి ఒక్క కోర్సుతోనే మొదలుపెట్టండి.

రెండో మార్పు డబ్బు లెక్కలో వచ్చింది. టెక్సస్‌లో 2023లో హౌస్ బిల్ 8 వచ్చేదాకా రాష్ట్రం ఇచ్చే నిధులు ఎక్కువగా విద్యార్థులు క్లాసులో కూర్చున్న గంటలను బట్టి వచ్చేవి. ఇప్పుడు ఎంతమంది విలువైన సర్టిఫికెట్టు తీసుకున్నారు, ఎంతమంది యూనివర్సిటీకి బదిలీ అయ్యారు అన్నవాటిని బట్టి ఇస్తారు. వర్జీనియాలో ఫాస్ట్‌ఫార్వర్డ్ కింద చిన్న కోర్సులకు విద్యార్థి మూడో వంతు కట్టి పూర్తి చేస్తే మిగతాది రాష్ట్రం భరిస్తుంది. ఇది 2016 నుంచే ఉంది.

ఇక వర్క్‌ఫోర్స్ పెల్. 2025 జూలైలో చట్టమైంది, 2026 జూలై 1 నుంచి అమలు. 150 నుంచి 599 గంటలు, 8 నుంచి 15 వారాల మధ్య ఉండే కోర్సులకు ఫెడరల్ ప్రభుత్వ గ్రాంటు, అంటే తిరిగి కట్టక్కర్లేని సాయం ఇస్తారు. కోర్సు పూర్తి చేసినవాళ్లు 70 శాతం, వాళ్లలో ఉద్యోగం వచ్చినవాళ్లు 70 శాతం ఉండాలని షరతు. హెచ్4 వాళ్లకు పెల్ రాదు, దానికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లాంటి హోదా కావాలి. కానీ ఆ సాయం కావాలనుకునే కోర్సులకు ఆ రెండు లెక్కలు కాలేజీ ఎలాగూ తీయాలి కదా, అవి అడిగి తీసుకోండి. మన వాళ్లు ఫీజు ఎంతని అడుగుతారు, ఈ లెక్క అడగరు. నా దృష్టిలో ఫీజు కంటే ఇదే ముఖ్యం.

చిన్న కోర్సుల్లో చాలావరకు నాన్‌క్రెడిట్, అంటే మామూలుగా డిగ్రీ లెక్కలోకి రానివి. దానికో కారణముంది. క్రెడిట్ కోర్సు పెట్టాలంటే డిపార్ట్‌మెంటు, కరిక్యులమ్ కమిటీ, బోర్డు, కొన్ని రాష్ట్రాల్లో రాష్ట్ర అనుమతి దాటుకుని రావాలి, ఏడాది ఇట్టే పోతుంది. నాన్‌క్రెడిట్ అయితే కొన్ని వారాల్లో తెరవచ్చు. మీకు వచ్చే నష్టం ఏమిటంటే, రేపు డిగ్రీ చేద్దామనుకుంటే ఆ గంటలు లెక్కలోకి రాకపోవచ్చు. "ఈ సర్టిఫికెట్టుకు ఏ డిగ్రీలో ఎన్ని క్రెడిట్లు ఇస్తారు?" అని రాతలో అడగండి.

ఇప్పుడు అసలు విషయం, ఒక ఉదాహరణతో. స్టెరైల్ ప్రాసెసింగ్ అని కోర్సు ఉంది. ఆపరేషన్ పరికరాలు శుభ్రం చేసి, సర్ది, స్టెరిలైజ్ చేసే పని. బీఎస్సీ చేసినవాళ్లకు మైక్రోబయాలజీ పునాది పనికొస్తుంది. ముందు సింకు దగ్గర గౌను, ఫేస్‌షీల్డు వేసుకుని, గొట్టంలాంటి పరికరాల లోపల సరిపడా సైజు బ్రష్షు దూర్చి తోమాలి. కత్తెర మడత దగ్గర తెరిచే ఉంచాలి, మూసి ఉంటే ఆవిరి లోపలికి చేరదు. ట్రేలో జాబితా ప్రకారం సర్ది, లోపల ఆవిరి సరిగా తగిలిందో లేదో చూపే ఇండికేటర్ పెట్టి, చుట్టి, ముందే గాలి లాగేసే ప్రీవాక్యూమ్ స్టెరిలైజర్‌లో సాధారణంగా 270 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 4 నిమిషాలు ఉంచి, ఆ తర్వాత ఆరబెట్టాలి. ప్యాకు తడిగా బయటికొస్తే అది పనికిరాదు, మొత్తం మళ్లీ చేయాలి. ఇదంతా పుస్తకంలో చదివితే రాదు. అందుకే ఈ పనికి ఇచ్చే సీఆర్‌సీఎస్‌టీ పూర్తి సర్టిఫికెట్టుకు పరీక్షతోపాటు ఆసుపత్రిలో 400 గంటల పని చూపాలి. పరీక్ష ముందు రాస్తే తాత్కాలిక సర్టిఫికెట్టు ఇస్తారు, ఆరు నెలల్లో ఆ గంటలు పూర్తి చేయాలి.

ఇక్కడే పడిపోతారు. కొన్ని కోర్సుల్లో థియరీ బాగా చెప్తారు, 400 గంటల చోటు మాత్రం "మీరే చూసుకోండి" అంటారు. ఆసుపత్రులేమో బయటివాళ్లను సులువుగా రానివ్వవు. ఆరు నెలలు గడిస్తే తాత్కాలికం కూడా పోతుంది. అందుకే అడ్మిషన్ కౌంటర్ వాళ్లను కాదు, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌ను పట్టుకుని ఇలా అడగండి: ఏ ఆసుపత్రులతో ఒప్పందం ఉంది, ఒక బ్యాచ్‌లో ఎంతమందికి చోటు ఖాయం, పోయిన బ్యాచ్‌లో అందరికీ దొరికిందా, ఎన్ని వారాలు ఆగారు? సూటిగా జవాబు రాకపోతే ఆ కోర్సు వదిలేయండి.

నర్సింగ్ సీట్లు గిరాకీకి తగ్గట్టు పెరగకపోవడానికీ ఇదే కారణం. క్లినికల్ చోట్లు, అంటే విద్యార్థులు ఆసుపత్రిలో పని నేర్చుకునే చోట్లు తక్కువ. పాఠం చెప్పడానికి సాధారణంగా మాస్టర్స్ అడుగుతారు, కానీ ఆ చదువుకు ఆసుపత్రే ఎక్కువ జీతం ఇస్తుంది. క్లినికల్ గంటల్లో సగం దాకా మంచి సిమ్యులేషన్‌తో (బొమ్మ రోగుల మీద సాధనతో) నడిపినా ఫలితం తగ్గదని రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2014 అధ్యయనం తేల్చింది. కోవిడ్‌లో ఆసుపత్రులు విద్యార్థులను ఆపేసినప్పుడు చాలా కాలేజీలు దానిమీదే నడిచాయి. ఎంతవరకు ఒప్పుకోవాలన్నది మీ రాష్ట్ర బోర్డు ఇష్టం.

ఫ్యాక్టరీల వైపు చిక్కు వేళ దగ్గర వస్తుంది. ఫీనిక్స్ చుట్టుపక్కల మారికోపా కాలేజీలు 2022లో సెమీకండక్టర్ (చిప్) టెక్నీషియన్ క్విక్‌స్టార్ట్ పెట్టాయి, పది రోజుల్లో సుమారు 40 గంటల కోర్సు. ఆలోచన మంచిదే. కానీ చిప్‌లు తయారుచేసే టీఎస్ఎంసీ తన అరిజోనా ఉత్పత్తిని 2024 నుంచి 2025కి జరుపుతున్నట్టు 2023లో ప్రకటించింది. ఒహాయోలో ఇంటెల్ ఫ్యాక్టరీ 2025 అన్నది 2030-31కి జరిగింది. పది రోజుల నేర్పు ఏళ్ల తరబడి చేతిలో నిలవదు. అందుకని కొత్త ఫ్యాక్టరీ వార్త చూసి చేరొద్దు. మీ కౌంటీలో ఆ పనికి ఈ నెల ఎన్ని ఖాళీలున్నాయో, వాటిలో అనుభవం అడగనివి ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి.

ఐటీ గురించి ఒక్క మాట. డేటా అనలిటిక్స్ చిన్న సర్టిఫికెట్టు ఒక్కటే చూసి ఉద్యోగం ఇచ్చే రోజులు పోయాయి. పాత అనుభవం ఉంటే దానికి జోడింపుగా తీసుకోండి, లేకపోతే నేను వద్దనే చెప్తాను.

డబ్బు విషయానికొస్తే, పని అనుమతి ఉన్నవాళ్లు డబ్ల్యూఐఓఏ అనే ఫెడరల్ ఉద్యోగ శిక్షణ సాయానికి అమెరికన్ జాబ్ సెంటర్‌లో అడగవచ్చు. మిగతా అర్హతలు వాళ్లు చూస్తారు. కోర్సు వాళ్ల జాబితాలో ఉండాలి, చేరకముందే ఆమోదం తీసుకోవాలి. చేరాక వెళితే సాధారణంగా ఇవ్వరు. హెచ్4 వాళ్లకు చాలా రాష్ట్రాల్లో స్థానికుల ఫీజే పడుతుంది, దానికి ఇంటి లీజు, ఏడాది నివాసం చూపే కాగితాలు దగ్గర పెట్టుకోండి. చదవడానికి ఈఏడీ అక్కర్లేదు, జీతమిచ్చే అప్రెంటిస్‌షిప్‌కి మాత్రం అది తప్పనిసరి. ఈఏడీ గడువు తేదీ కోర్సు మధ్యలో పడకుండా చూసుకోండి.

ఆరోగ్య రంగంలో చేరదామనుకుంటే ఇవాళే మొదలుపెట్టాల్సిన పని టీకాల కాగితాలు. మామూలు హెపటైటిస్ బి మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది. చిన్నప్పుడు వేసుకుని ఉంటే టైటర్ అనే యాంటీబాడీ రక్తపరీక్షతో చూపవచ్చు. మనలో చాలామందికి టీబీ టీకా బీసీజీ వేసి ఉంటుంది. దానివల్ల చర్మం మీద చేసే టీబీ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు, ఆపై ఎక్స్‌రే, డాక్టరు ఉత్తరం అంటూ క్లినికల్ తేదీ చేజారిపోతుంది. మొదటే క్వాంటిఫెరాన్ లాంటి రక్తపరీక్ష చేయమని అడగండి.