చీటీ చేతికి తీసుకోండి: అమెరికాలో పెంపుడు జంతువుల మందుల ఖర్చు

అమెరికాకు వచ్చి ఏడాది కూడా నిండని ఒక యువ దంపతులు ఇటీవల నన్ను ఒక సందేహం అడిగారు. వారు జంతు సంరక్షణ కేంద్రం నుంచి ఆరేళ్ల కుక్కను తెచ్చుకున్నారు. దానికి థైరాయిడ్ లోపం ఉందని, ఇక జీవితాంతం రోజుకు రెండు పూటలా మాత్ర వేయాలని పశువైద్యురాలు చెప్పి, నెలకు సరిపడా మందును ఆసుపత్రిలోనే ఇప్పించారు. బిల్లు చూసి వారు కలవరపడ్డారు. మన ఊళ్లో అయితే మందు పేరు రాసుకొని ఏ మందుల షాపుకైనా వెళ్లి కొనుక్కునేవాళ్లం, ఇక్కడ వేరే దారి ఉందా అన్నది వారి ప్రశ్న. ఉంది. నేను పదిహేనేళ్లుగా ఇక్కడ కుక్కలనూ పిల్లులనూ పెంచుతున్నాను కనుక, నాకు అనుభవంలో తెలిసినంత మేరకు ఆ దారిని వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఇక్కడి పద్ధతిని అర్థం చేసుకోవాలి. మనుషుల విషయంలో డాక్టరు మందు రాస్తారు, ఫార్మసీ అమ్ముతుంది. పెంపుడు జంతువుల విషయంలో మాత్రం మందు రాసేదీ అమ్మేదీ చాలావరకు ఒకే ఆసుపత్రి. ఆ అమ్మకంపై వచ్చే లాభంతోనే సిబ్బంది జీతాలు, పరికరాల ఖర్చులు కొంత గడుస్తాయి కాబట్టి దాన్ని మోసమని అనుకోనక్కరలేదు. కానీ అక్కడే కొనాలన్న నిబంధన ఏదీ లేదు. కాంటాక్ట్ లెన్సులకు, రోగి అడగకపోయినా కంటి వైద్యుడు ప్రిస్క్రిప్షన్ చీటీ ఇచ్చి తీరాలని 2003లో ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది. పెంపుడు జంతువుల మందులకూ అటువంటి చట్టం కావాలని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో పలుమార్లు బిల్లులు పెట్టారు గాని అవి చట్టాలు కాలేదు. వ్యాపారంలో పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ మందుల విపణిలో పోటీ ఎలా ఉందో పరిశీలించి 2015లో ఒక నివేదిక కూడా వెలువరించింది.

ఫెడరల్ చట్టం లేకపోయినా, అడిగితే చీటీ ఇవ్వాలన్న నిబంధన చాలా రాష్ట్రాలలో ఉంది. యజమాని కోరినప్పుడు మందుకు బదులు చీటీ ఇవ్వాలని అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ నైతిక సూత్రాలు కూడా చెబుతాయి. అందుచేత పరీక్ష పూర్తయి, బిల్లు వేసే బల్ల దగ్గరికి రాకముందే, వైద్యుడి గదిలోనే "ఈ మందుకు నాకు రాతపూర్వకమైన ప్రిస్క్రిప్షన్ ఇవ్వగలరా?" అని మర్యాదగా అడగండి. మనవాళ్లు ఇది అడగడానికి ఎంతో మొహమాటపడతారు. డాక్టరు నొచ్చుకుంటారేమో, తమను పిసినారులని అనుకుంటారేమో అని వెనుకాడతారు. ఇక్కడి పశువైద్యులకు ఇది రోజూ వినే మాటే. చీటీ మీద మందు జనరిక్ పేరు, బలం, మోతాదు, ఎన్నిసార్లు తిరిగి నింపుకోవచ్చో తెలిపే రీఫిల్స్ సంఖ్య స్పష్టంగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

చీటీ రావాలంటే వైద్యుడు ఆ జంతువును స్వయంగా చూసి ఉండాలి. ఈ సంబంధాన్ని చట్టం వైద్యుడికీ యజమానికీ రోగికీ మధ్య ఉండే బంధంగా గుర్తిస్తుంది, చాలాచోట్ల ఏడాదికి ఒకసారైనా పరీక్ష జరగాలని కోరుతుంది. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు వీడియో ద్వారా కూడా ఆ సంబంధం ఏర్పడవచ్చని ఈ మధ్య అంగీకరించాయి. అయినప్పటికీ మనుషుల కోసం ఆమోదించిన మందును జంతువుకు రాయాలంటే ఫెడరల్ నిబంధన ప్రకారం ప్రత్యక్ష పరీక్ష తప్పదు. పరీక్ష ఫీజు దండగ అనిపించి, పాత చీటీతోనే ఏళ్ల తరబడి నెట్టుకురావాలని చూసేవారిని నేను చూశాను. నా అభిప్రాయంలో ఖర్చు తగ్గించుకోవలసిన చోటు మందు ధరే గాని వైద్యుడి పరీక్ష ఎంతమాత్రం కాదు. థైరాయిడ్ మాత్రల మోతాదును సరిచూడడానికి, నొప్పి మాత్రలు మూత్రపిండాలనూ కాలేయాన్నీ దెబ్బతీస్తున్నాయేమో తెలుసుకోవడానికి రక్తపరీక్షలు అవసరం, వాటిని మానితే తరువాత చెల్లించవలసినది చాలా ఎక్కువ.

ఇక అసలు పొదుపు ఎక్కడుందో చూద్దాం. పశువైద్యులు రాసే మందులలో చాలా భాగం మనుషులు వాడేవే. కుక్కల థైరాయిడ్ లోపానికి లెవోథైరాక్సిన్, గుండె జబ్బులో ఊపిరితిత్తులలో చేరే నీటికి ఫ్యూరోసెమైడ్, పిల్లుల రక్తపోటుకు అమ్లోడిపిన్, వాటి థైరాయిడ్ అధికమైతే మెథిమజోల్, ఆందోళనకు ఫ్లూవోక్సెటీన్, ట్రాజొడోన్, దీర్ఘకాలిక నొప్పికి గాబాపెంటిన్, మూర్ఛకు ఫీనోబార్బిటాల్ వంటివి ఇందుకు ఉదాహరణలు. మనుషుల మందులను జంతువులకు ఈ విధంగా రాయడానికి 1994 నాటి ఫెడరల్ చట్టం వీలు కల్పించింది. ఇవన్నీ జనరిక్‌లుగా దొరుకుతాయి కనుక మీ వీధి చివర ఉన్న మామూలు ఫార్మసీలో, వాల్‌మార్ట్‌లో, కాస్ట్‌కోలో కూడా కొనవచ్చు. వాల్‌మార్ట్ 2006లో మొదలుపెట్టిన 4 డాలర్ల జనరిక్ జాబితాలో మీ మందు ఉందో లేదో ముందుగా అడగండి. గుడ్‌ఆర్‌ఎక్స్ వంటి రాయితీ కూపన్లు పెంపుడు జంతువుల చీటీలకూ పనిచేస్తాయి. మీ ఆరోగ్య బీమా మాత్రం వర్తించదు. ఒకే మాత్రకు రెండు ఫార్మసీల మధ్య ధరలో ఎంతో తేడా ఉండవచ్చు కాబట్టి కనీసం మూడు చోట్ల ధర కనుక్కొని ఆ తరువాతే చీటీ ఇవ్వండి.

కానీ మనుషుల ఫార్మసీకి వెళ్లినప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి, దీన్ని నేను స్వయంగా ఎదుర్కొన్నాను. కుక్కల శరీరం థైరాయిడ్ హార్మోనును మనకంటే చాలా వేగంగా ఖర్చు చేస్తుంది కనుక వాటికి మోతాదు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. 20 కిలోల కుక్కకు ఒక్కో పూటకు సుమారు 0.4 మిల్లీగ్రాములు రాయడం సాధారణం. మనిషి రోజంతటికీ అందులో పావు వంతు చాలవచ్చు. మా కుక్క చీటీ చూసిన ఫార్మసిస్టు అది పొరపాటని భావించి, తగ్గించి ఇస్తానన్నారు. నేను ఒప్పుకోక, అక్కడే నిలబడి మా పశువైద్యుడికి ఫోను చేసి ఇద్దరి మధ్యా మాట్లాడించాను. అలా చేయకపోయి ఉంటే మా కుక్క నెలల తరబడి సరిపోని మందుతో నీరసించి ఉండేది. చీటీ మీద జంతువు రకం, బరువు స్పష్టంగా ఉండాలని, పశువైద్యుడిని అడగకుండా ఎవ్వరూ మోతాదు మార్చరాదని గట్టిగా చెప్పండి.

రెండవ జాగ్రత్త ప్రాణాంతకమైనది. మనుషుల కోసం తయారు చేసిన గాబాపెంటిన్ ద్రవంలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. ఆ పదార్థం కుక్కల రక్తంలోని చక్కెరను ఒక్కసారిగా పడగొట్టి, కాలేయాన్నీ దెబ్బతీయగలదు. కాబట్టి గాబాపెంటిన్‌ను గుళికల రూపంలోనే అడగండి. ద్రవ రూపంలో ఏ మందు తీసుకున్నా జైలిటాల్ లేదని ఫార్మసిస్టుతో రూఢి చేసుకోండి.

మధుమేహం ఉన్న జంతువుల యజమానులు ఇన్సులిన్ విషయంలో ఇంకొంచెం నిదానించాలి. పశువుల కోసం చేసిన కొన్ని ఇన్సులిన్లలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటే, మనుషుల ఇన్సులిన్‌లో సాధారణంగా 100 ఉంటాయి, ఆ రెండింటికీ సిరంజీలు వేరు. 40 యూనిట్ల ఇన్సులిన్ కోసం చేసిన సిరంజీతో 100 యూనిట్ల ఇన్సులిన్ ఎక్కిస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది, పిల్లి గాని చిన్న కుక్క గాని దాన్ని తట్టుకోలేదు. చవకైన ఇన్సులిన్‌కు మారడం చాలామందికి సాధ్యమే, కానీ సిరంజీతో సహా వైద్యుడు చూపించి నేర్పిన తరువాతే మారాలి.

జంతువులకు మాత్రమే ఉన్న మందుల సంగతి వేరు. కీళ్ల నొప్పులకు వాడే కార్ప్రొఫెన్‌కు జనరిక్ ఉంది, అందుకే బ్రాండు పేరుతో రాస్తే జనరిక్ రాయమని అడగాలి. జనరిక్ రాని కొత్త మందులకు ఆన్‌లైన్ ఫార్మసీలలో ధరలు పోల్చుకోవడం, తయారీదారులు ఇచ్చే రిబేట్లను (కొన్న తరువాత తిరిగి ఇచ్చే సొమ్మును) వదులుకోకపోవడం మాత్రమే మార్గాలు. చ్యూయీ వంటి ఆన్‌లైన్ సంస్థలకు ఆర్డరు పెట్టినప్పుడు అవే మీ పశువైద్యుడి ఆమోదం కోరతాయి. ఏ కొత్త సైటులోనైనా కొనే ముందు ఫార్మసీ బోర్డుల సంఘమైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ బోర్డ్స్ ఆఫ్ ఫార్మసీ గుర్తింపు ఉందో లేదో చూడండి. చీటీ అవసరమైన మందును చీటీ లేకుండానే పంపుతామనే సైటు ఎంత చవక చెప్పినా దాని జోలికి వెళ్లకండి.

హార్ట్‌వార్మ్ గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే మనలో చాలామంది దాని పేరే ఇక్కడికి వచ్చాక వింటారు. దోమ కాటుతో కుక్క శరీరంలో ప్రవేశించి గుండెలోనూ ఊపిరితిత్తుల రక్తనాళాలలోనూ పెరిగే పురుగు ఇది. నెలనెలా ఇచ్చే నివారణ మందుకు చీటీ కావాలి, ఏటా రక్తపరీక్ష కూడా కావాలి. టెక్సస్ వంటి దక్షిణాది రాష్ట్రాలలో ఉంటూ ఈ మందును ఖర్చని మానేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే జబ్బు వచ్చాక నడుము కండలలో సూదులు వేసి, కుక్కను నెలల తరబడి పరుగెత్తనీయకుండా కట్టి ఉంచి చేసే చికిత్సకు అయ్యే ఖర్చుతో ఎన్నో ఏళ్ల నివారణ మందు కొనవచ్చు. రైతుల సామగ్రి దుకాణాలలో దొరికే పశువుల పురుగుల మందు ఐవర్‌మెక్టిన్‌ను కొలిచి వేసుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది గుర్రాలకూ ఆవులకూ సరిపడే గాఢతలో ఉంటుంది, కోలీ వంటి జాతుల కుక్కలలో ఒక జన్యులోపం వల్ల ఎక్కువ మోతాదు మెదడుకు చేరి ప్రాణం తీయగలదు. పిల్ల కుక్క బరువు నెలనెలా మారుతుంది కనుక దానికి ఏడాది డబ్బా కొనకండి. పెరుగుదల ఆగాక పెద్ద డబ్బా కొంటే రిబేటు కలిసివస్తుంది.

గోమార్లకు, పిడుదులకు వాడే ఫిప్రొనిల్ చుక్కల మందు చీటీ లేకుండానే దొరుకుతుంది, దానికి చవకైన జనరిక్‌లూ ఉన్నాయి. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం పెర్మెత్రిన్ కలిసిన కుక్కల మందును దానికి ఎప్పుడూ వేయకండి, మందు తడి ఆరేవరకు కుక్క పక్కన కూడా పడుకోనీయకండి.

ఇండియా నుంచి వచ్చే బంధువుల పెట్టెలో మందులు తెప్పించుకోవచ్చా అని తరచుగా అడుగుతారు. ఇక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లేని జంతువుల మందును దిగుమతి చేసుకోవడం చట్టవిరుద్ధం. వీసా మీద ఉన్నవారు కొద్దిపాటి డాలర్ల కోసం కస్టమ్స్ వద్ద చిక్కులు తెచ్చుకోవద్దని నా మనవి. అంతకంటే ముఖ్యంగా, మన ఇళ్లలో ఎప్పుడూ ఉండే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయడానికి చాలు. ఇబుప్రొఫెన్ కుక్కల కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. జంతువు కుంటుతుంటే పాపమనిపించి ఇచ్చే ఆ ఒక్క మాత్ర గురించే నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడతాను.

ఆసుపత్రి ఖర్చుకు ఇతర ఆధారాల గురించి కొద్దిగా చెబుతాను. మీ ఉద్యోగంలో ఇచ్చే, వైద్య ఖర్చులకు పన్ను లేకుండా డబ్బు దాచుకునే హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ ఖాతాల డబ్బును పెంపుడు జంతువుకు వాడకూడదు. అంధులకు దారి చూపే కుక్కల వంటి సేవా జంతువులకే మినహాయింపు. పెంపుడు జంతువుల బీమా అప్పటికే ఉన్న జబ్బుకు డబ్బు ఇవ్వదు కనుక జంతువు చిన్నగా, ఆరోగ్యంగా ఉండగానే తీసుకోవాలి. వైద్య ఖర్చులకు అప్పు ఇచ్చే కేర్‌క్రెడిట్ వంటి కార్డులలో వడ్డీ లేని గడువులోగా మొత్తం తీర్చకపోతే కొన్న రోజు నుంచి వడ్డీ అంతా ఒకేసారి పడే పథకాలు ఉంటాయి, సంతకం చేసేముందు ఆ షరతు చదవండి.

ఇవన్నీ చేశాక కూడా ఖర్చు భరించలేకపోతే ఆ మాట వైద్యుడికే సూటిగా చెప్పండి. నెలకు ఇంతకు మించి పెట్టలేను అని అంకెతో సహా చెప్పినప్పుడు వారు ఇంకో మందు, ఇంకో బలం, సగానికి విరిచి వేయదగిన పెద్ద మాత్ర వంటివి ఆలోచించి రాసిన సందర్భాలు నాకు చాలా తెలుసు. విరవడం మాత్రం వారు చెప్పిన మాత్రలకే పరిమితం కావాలి, ఎందుకంటే నెలకొకసారి నమలబెట్టే మందులలో ఔషధం ముక్క ముక్కకూ సమానంగా ఉండకపోవచ్చు. కొందరు వైద్యులు బయటి ఫార్మసీ ధర చూపిస్తే తమ ధరను తగ్గించి ఇస్తారు కూడా.

చివరిగా, ఇండియా ప్రయాణానికి ముందు మనం మరచిపోయేది ఒకటుంది. నాలుగైదు వారాలు జంతువును స్నేహితుల ఇంట వదిలి వెళ్లేటప్పుడు, బయలుదేరడానికి రెండు వారాల ముందే 90 రోజుల చీటీ అడిగి మందు తెచ్చిపెట్టుకోండి. ఫీనోబార్బిటాల్ వంటి నియంత్రిత మందులను గడువుకు ముందు ఇవ్వరు కాబట్టి వాటి సంగతి ఇంకా ముందుగా మాట్లాడుకోవాలి. జంతువును చూసుకునే స్నేహితుల పేరును ఆసుపత్రి రికార్డులోనూ ఫార్మసీలోనూ రాయించి, మోతాదు కాగితాన్ని మందు డబ్బాకే అంటించి వెళ్లండి.