చెరువు గట్టున కూర్చునే ముందు

ఒరేయ్ చిన్నా,

చెరువులో పురుగులు పట్టడానికి వల కొనిపెట్టమన్నావట, మీ అమ్మ చెప్పింది. కొనక్కర్లేదు. పాత ఇనుప హ్యాంగర్‌ని గుండ్రంగా వంచి, చిరిగిన దోమతెర ముక్కని దానికి సంచిలా కుట్టి, పొడుగు కర్రకి బిగించి కట్టు. (హ్యాంగర్ మాత్రం మీ నాన్న చొక్కా తగిలించి ఉన్నది తియ్యకు.)

అసలు వల కన్నా ముఖ్యం తెల్లటి పళ్లెం. ఈ జీవుల్లో చాలావరకు బురద రంగులోనే ఉంటాయి కాబట్టి తెలుపు మీదైతే దాక్కోలేవు. ముందే అందులో రెండు వేళ్ల ఎత్తు చెరువు నీళ్లు పోసి నీడలో పెట్టుకో. వలని గట్టు పక్క నాచులో 8 అంకె వేస్తున్నట్టు నెమ్మదిగా తిప్పు. లోపలికి దిగే పనే లేదు, సందడంతా అంచునే ఉంటుంది. అడుగు గీకావో, వల నిండా బురదే. పట్టింది పళ్లెంలో తిరగేసి ఇక కదలకుండా కూర్చో. ఏమీ పడలేదని వెంటనే పారబోసేవాళ్లే ఎక్కువ, కానీ ఐదు నిమిషాలు ఓపిక పడితే పుల్ల అనుకున్నది కాళ్లు కదుపుతుంది.

అది తూనీగ పిల్ల అయితే నీ పంట పండినట్టే. కింది పెదవిని మడిచి మొహం కింద దాచుకుంటుంది, దోమ పిల్ల దగ్గరికి రాగానే చటుక్కున చాచి లాగేసుకుంటుంది. కుంచెతో కదిలిస్తే వెనకనుంచి నీళ్లు చిమ్ముకుంటూ దూసుకుపోతుంది. దాన్ని విడిగా ఉంచు. నేనోసారి అన్నీ ఒకే సీసాలో వేస్తే సాయంత్రానికి మూడు తోకకప్పల్లో ఒకటే మిగిలింది, ఈ మహానుభావుడేమో ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. వేళ్లతో దేన్నీ పట్టుకోకు, చెంచాతో ఎత్తు. వెల్లకిలా ఈదే పురుగు కుడితే తేనెటీగ కుట్టినట్టే ఉంటుంది.

చుక్కల్లా ఎగిరెగిరి ఈదే నీటి ఈగల్ని భూతద్దంతో చూడు. ఒళ్లు గాజులా ఉంటుంది, లోపల గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. 1674లో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి సరస్సు నీళ్లలో సూక్ష్మజీవుల్ని చూసింది సొంతంగా చేసుకున్న ఒంటి కటకంతోనే.

చూడటం అయ్యాక అన్నిటినీ తీసినచోటే వదిలేసి, చేతులు సబ్బుతో కడుక్కో. ఇంకో చెరువుకి వెళ్లేలోపు వల బాగా ఎండాలి, లేకపోతే ఇక్కడి రోగాలు అక్కడికి మోసినట్టవుతుంది. ఆదివారం వస్తున్నా, అప్పటిదాకా ఒక్కడివే గట్టు మీదికి వెళ్లకు.

తాతయ్య