ఎడ్యురోమ్ సభ్యత్వ దరఖాస్తు వెనక్కి వస్తుంటే

మీ కాలేజీ ఎడ్యురోమ్ (విద్యార్థులు, సిబ్బంది తమ సంస్థ లాగిన్‌తోనే వేరే క్యాంపస్‌లలోనూ వై-ఫై వాడుకునే ఏర్పాటు) దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చిందన్నారు కదా, ఐటీ విభాగం పేరుతో పంపడమే కారణమై ఉంటుంది. సభ్యత్వం సంస్థది, విభాగానిది కాదు.

1. దరఖాస్తు మీ దేశంలోని రోమింగ్ ఆపరేటర్‌కే, అంటే అక్కడ ఎడ్యురోమ్‌ను నడిపే సంస్థకే పంపాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: సంస్థ తరఫున ఒప్పందం చేసుకునే అధికారం ఉన్నవాళ్లే ఎడ్యురోమ్ పాలసీ (సభ్య సంస్థలు పాటించాల్సిన నియమాల పత్రం) మీద సంతకం పెట్టాలి. మీ విద్యార్థి వేరే క్యాంపస్‌లో లాగిన్ అయినా పాస్‌వర్డ్ సరిచూసేది మీ సర్వరే, అక్కడ దుర్వినియోగం జరిగితే ఆ యూజర్ ఎవరో తేల్చి చర్య తీసుకోవాల్సిందీ మీరే, అంత బాధ్యత ఒక్క సిస్టమ్ అడ్మిన్ సంతకంతో తీరదు. దయచేసి ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

3. రియల్మ్‌గా (యూజర్‌నేమ్‌లో @ తర్వాత వచ్చే భాగం) సంస్థ సొంత డొమైనే రాయండి.

4. టెక్నికల్ కాంటాక్ట్‌గా ఇద్దరి పేర్లు ఇస్తే మంచిది, ఒకరు ఉద్యోగం మారినా ఇబ్బంది ఉండదు.