స్నో పడిన రోజు కాదు, మర్నాడు పొద్దున్న చూసుకోండి

అమలాపురం, భీమవరం, నరసాపురం వైపు నుంచి మొదటిసారి చలిదేశం వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది "ఏ కోటు కొనాలండీ?" అని. కోటు సంగతి తర్వాత, ముందు బూట్లు చూసుకోండి. కొత్తగా పడిన స్నోలో కాలు దిగుతుంది, పట్టు దొరుకుతుంది. మధ్యాహ్నం ఎండకి అది కాస్త కరిగి, రాత్రి మళ్ళీ గడ్డకట్టాకే అసలు బెడద. మర్నాడు పొద్దున్న మెట్ల మీద, పార్కింగులో చూస్తే తడిసిన తారులా కనపడుతుంది. బ్లాక్ ఐస్ అంటే అదే.

వానాకాలంలో పొలం గట్ల మీద తిరిగిన కాళ్ళకి దీని మీద నడక కొత్తేం కాదు. చిన్న చిన్న అడుగులు వేస్తూ, పాదమంతా ఒకేసారి ఆనించి, ఒళ్ళు కాస్త ముందుకి వంచి నడవాలి. చేతులు జేబుల్లో పెట్టుకుంటే పడేటప్పుడు ఆసరా ఉండదు, గ్లవ్స్ వేసుకోండి. చెత్త పారేసి రావడానికి రెండు నిమిషాలేగా అని హవాయి చెప్పులతో మాత్రం గడప దాటకండి.

రాజమండ్రిలో లావుపాటి స్వెట్టర్లు కొని సూట్‌కేసు నింపడం దండగ. ఒంటికి ఆనుకుని పాలియెస్టర్ లేదా మెరినో ఊలు థర్మల్స్, మీద ఫ్లీస్ (మెత్తటి నూగు బట్ట) చొక్కా, ఆపైన గాలీ నీళ్ళూ చొరబడని జాకెట్, ఈ మూడూ చాలు. లోపల కాటన్ బనీను వద్దు. మన ఉక్కపోతకి కాటన్‌ని మించింది లేదు గానీ, ఇక్కడ అది చెమట పీల్చుకుని, ఆరకుండా ఒంట్లో వేడంతా లాగేస్తుంది. బూట్లు అర సైజు పెద్దవి తీసుకోండి. మందపాటి మేజోళ్ళతో బిగుసుకుపోతే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. మంకీ క్యాప్ నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు, నవ్వేవాళ్ళెవరూ లేరు.

ఇంటి ముందు స్నో తియ్యడం చూడ్డానికి దూది ఎత్తినట్టుంటుంది, అంతే. 25 సెంటీమీటర్ల తాజా స్నో కరిగితే సుమారు రెండున్నర సెంటీమీటర్ల నీరు, అంటే చదరపు మీటరుకి 25 కిలోలు. 20 చదరపు మీటర్ల డ్రైవ్‌వే అంటే అర టన్ను! అందుకే పారతో ఎత్తకండి, పక్కకి తోయండి. పడుతుండగానే రెండు మూడు దఫాలుగా తీస్తే తేలిక. బీపీయో గుండె జబ్బో ఉన్న నాన్నగారు "ఊరికే కూర్చోలేను, నేను తీస్తాలే" అని పార పట్టుకుంటే నిర్మొహమాటంగా లాక్కోండి. చలికి రక్తనాళాలు కుంచించుకున్న వేళ ఈ బరువుపని గుండెపోటు తెచ్చిపెడుతుంది. తీశాక ఉప్పు చల్లాలి. మామూలు రాక్ సాల్ట్ మైనస్ 9 డిగ్రీలు దాటాక పెద్దగా పనిచెయ్యదు, అప్పుడు కాల్షియం క్లోరైడ్ కావాలి.

కారు అద్దం మీద వేడినీళ్ళు పొయ్యకండి, పగులుతుంది. పైకప్పు మీద స్నో కూడా తీసెయ్యాలి, లేకపోతే బ్రేకు వెయ్యగానే ముందు అద్దం మీదికి జారి దారి కనపడదు. పొగగొట్టం స్నోలో కూరుకుపోయి ఉండగా ఇంజిన్ ఆన్ చేసి లోపల కూర్చుంటే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. దానికి వాసన ఉండదు. గోదారి వంతెనలు దాటుతూ పెరిగినవాళ్ళమే అయినా ఇక్కడ వంతెన ఎక్కేముందు వేగం తగ్గించాలి. పైనా కిందా చల్లగాలే కాబట్టి రోడ్డుకన్నా ముందు అదే గడ్డకడుతుంది. బ్రేకు గట్టిగా తొక్కాల్సివచ్చి పెడల్ గడగడలాడితే అది చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్ పని, భయపడి కాలు తియ్యకండి. పిల్లల్ని కార్ సీట్లో లావు కోటుతో కట్టకండి, బెల్టు వదులైపోతుంది. బెల్టు పెట్టాక కోటు పైన కప్పండి.

కోనసీమ నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె 24 డిగ్రీల దిగువన గడ్డకట్టి కూర్చుంటుంది. పాడవలేదు, వెడల్పు మూత సీసాలోకి మార్చుకుంటే చాలు.

సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు కరెంటు బిల్లు చూసుకుని హీటర్ పూర్తిగా ఆపేసి పోతుంటారు. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి గోడలోని పైపుని చీల్చేస్తాయి, కరిగాక ఇల్లంతా చెరువే. థర్మోస్టాట్ 13 డిగ్రీలకి తగ్గకుండా పెట్టి, మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలు తిప్పి పైపుల్లో మిగిలిన నీళ్ళు వదిలేసి విమానం ఎక్కండి.